కాగితానికి అందని కీర్తన

రోమ్‌లో పోపుగారి సిస్టీన్ ప్రార్థనాలయంలో గ్రెగోరియో అల్లెగ్రి అనే గాయకుడుండేవాడు. 1629లో అక్కడి గాయక బృందంలో చేరి, 1652లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. దావీదు కీర్తనల్లో 51వదానికి (లాటిన్ బైబిలు లెక్కలో 50వది) 1630లలో ఆయన స్వరం కట్టాడు. బత్షెబ విషయంలో తప్పుచేసిన రాజు దేవుణ్ణి క్షమాపణ వేడుకున్న కీర్తన అది. తొలి మాటను బట్టి ‘మిసెరేరే’ అంటారు. ‘కరుణించు’ అని అర్థం.

ఈస్టరు ముందు వారంలో, కొవ్వొత్తులు ఒక్కొక్కటే ఆర్పుతూ చేసే ప్రార్థన చివర దీన్ని పాడేవారు. వాద్యాలు లేవు. ఐదు గొంతుల బృందం ఒకటి, నాలుగు గొంతులది మరొకటి. వంతులవారీగా చరణాలందుకుంటారు. మధ్య మధ్య సాదా పఠనం. ముగింపులో తొమ్మిది గొంతులూ కలుస్తాయి.

రాతప్రతి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. చరణం చరణానికీ అదే వరస. బయటివారికి ప్రతి ఇవ్వకూడదని పోపుగారి కట్టడి మాత్రం ఉండేదట!

ఇంగ్లీషు సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ రోమ్‌లో విన్న కథ ఒకటి రాశాడు. వియన్నా చక్రవర్తి మొదటి లియోపోల్డు కోరి కోరి ఒక ప్రతి తెప్పించుకున్నాడు. మంచి గాయకులే పాడారు. చప్పగా ఉంది. అసలుది దాచి వేరేది పంపారని చక్రవర్తి ఫిర్యాదు చేస్తే, రోమ్‌లో బృంద నాయకుడి ఉద్యోగం ఊడింది. పాపం, అతడు మోసం చేయలేదు. ఆ పాటకు ప్రాణం గాయకులు గొంతుతో అల్లే నగిషీల్లో ఉంది. అవి పెద్దల నుంచి పిన్నలు విని నేర్చుకున్నవే గాని రాసుకున్నవి కావు. ఆ సంగతి విన్నవించుకున్నాకే అతడి కొలువు అతడికి దక్కిందట.

గమకాల సంగతి తెలిసిన మనకు ఇది వింత కాదు. సుబ్బరామ దీక్షితులు 1904లో తమిళదేశపు ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చువేస్తూ, గమకానికొక గుర్తు పెట్టింది ఈ బెంగతోనే కదా!

1770 ఏప్రిల్‌లో పద్నాలుగేళ్ళ మొజార్ట్ ఈ కీర్తన విని, బసకు వచ్చి జ్ఞాపకంతో రాశాడని తండ్రి ఉత్తరంలో ఉంది. ఆ కాగితం ఇప్పుడు లేదు. కాబట్టి నగిషీలు ఎంతవరకు పట్టుకున్నాడో చెప్పలేం. మరుసటి ఏడు బర్నీ లండన్‌లో అచ్చువేసిన ప్రతిలో అవి లేవు. 1840లో పియెత్రో అల్ఫియెరి అనే మతగురువు వాటిని ప్రకటించాడు.

ఇక అసలు చిత్రం. నేడు రికార్డుల్లో ఒక బాల గాయకుడి గొంతు ఒక్కసారిగా ఆకాశానికి లేస్తుంది. చాలామందికి ఈ కీర్తనంటే ఆ స్వరమే. అల్లెగ్రి అది రాయలేదు. 1831లో మెండెల్సన్ ఎత్తు శ్రుతిలో విని రాసుకున్న ముక్కను, ఆ శతాబ్దం చివర ఒక ఇంగ్లీషు సంగీత నిఘంటువు వేరే శ్రుతిలోని భాగానికి అతికించింది. ఆ అతుకే నిలిచిపోయింది. క్యాసెట్టు రోజుల్లో నేను టేపు మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పుకొని విన్నదీ ఆ అతుకునే.