పునాది క్రింది ఇసుక

ఓరుగంటి సీమకు పోయినవారందరును కాకతీయుల స్తంభములను చూచి వత్తురు. ఆ స్తంభముల క్రింద నేమున్నదో విచారించువారు అరుదు.

కట్టడమునకు ముందు నేలను పరీక్షించుట మన దేశమున ప్రాచీనాచారము. 6వ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితయందు వాస్తువిద్యను చెప్పుచు దీనిని వివరించెను. స్థలమధ్యమున మూరెడు గోతి త్రవ్వి, తీసిన మంటితోనే దానిని పూడ్వవలెను. మన్ను మిగిలిన నేల ఉత్తమము, సరిపోయిన మధ్యమము, చాలకున్న అధమము. గట్టినేల మన్ను త్రవ్వగానే పొంగి తిరిగి గోతిలో ఇమడదు. గుల్లనేల మన్ను అణగిపోవును. మఱియు గోతిని నీటితో నింపి, నూరడుగులు పోయి వచ్చులోపల నీరు తరుగకున్న మేలని చెప్పెను. అచ్చటనే మంటిరంగులను నాలుగు వర్ణములకు పంచిపెట్టిన మాటయు కలదు గాని, దానితో తాపీవానికి పనిలేదు.

అయితే నల్లరేగడి ఈ నీటి పరీక్షను వంచించును. వానకాలమున తడిసియున్నప్పుడు అది నీటిని ఇంకనీయదు. కావున మంచి నేలవలెనే కన్పట్టును. వేసవి రాగానే నెఱ్ఱెలు వాయును. మరల తడిసిన ఉబ్బును. దానిపై నిలిచిన గోడ ఒక మూల లేచి, ఒక మూల క్రుంగి, నడుమ చీలును.

కాకతీయ శిల్పులు సహజమైన నేలను నమ్ముకొనక, మన్ను తోడివేసి, ఆ గోతిని ఇసుకతో నింపి దానిపై రాతికట్టడము నెత్తిరి. 1163లో రుద్రదేవుడు హనుమకొండయందు కట్టించిన వేయిస్తంభముల గుడికిని, 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటయందు ప్రతిష్ఠించిన రామప్ప గుడికిని ఇదియే ఆధారము. ఇసుక తడిసిన ఉబ్బదు, ఎండిన ముడుచుకొనదు. మీది బరువును నలుదిక్కులకు పంచును. కాని దానిని కదలనీయక బంధించి యుంచవలెను. ప్రక్కనుండి పారునీరు దానిని కొంచెము కొంచెముగా కోసికొనిపోయినచో, ఎంతటి రాతికంబమైనను ఒరగక తప్పదు. కావున అట్టి గుడి చుట్టును వాననీరు పోవు త్రోవ పునాదిలో భాగమే. దానిని పూడ్చుట ఇసుకను త్రవ్వుటతో సమానము. గుడి గోపురమునకు సున్నము వేయించువారు ఈ కాలువ వంక చూడరు!

వేయిస్తంభముల గుడి ఎదుటి కల్యాణమంటపము శిథిలమగుటచే 2006లో దానిని రాయి రాయిగా విప్పిరి. తిరిగి నిలుపుటకు పదునెనిమిదేండ్లు పట్టెను. మరల కట్టినప్పుడు ఇంజనీర్లు ఇసుక పునాదినే ఎన్నుకొనిరి. 2024 మార్చి 8వ తేదీ, మహాశివరాత్రినాడు, ఆ మంటపము ప్రజలకు తెరువబడెను.