ఎండపెట్టె పుట్టుపూర్వోత్తరాలు

నెల్లూరు తీరంలో ఎండ చేత పని చేయించుకోవడం కొత్తేమీ కాదు. ఇస్కపల్లి మళ్లలో ఉప్పు, పల్లెపాలేల ఇసుక మీద ఎండుచేపలు, పెరట్లో దండెం మీద బట్టలు. ఆ దండేన్ని ఒక పెట్టెలో బిగించి సోలార్ డ్రయ్యర్ అనడం ఇంజనీరింగ్ విద్యార్థులకు నచ్చే ప్రాజెక్టు. ఖర్చు తక్కువ, పైగా చేసింది చేసినట్టు కంటికి కనబడుతుంది. ఆ పెట్టె వెనక మాత్రం రెండున్నర శతాబ్దాల కథ ఉంది.

1767లో జెనీవా శాస్త్రవేత్త సోస్యూర్ గాజు పలకలు కప్పిన పెట్టెను ఎండలో పెట్టి, లోపలి వేడి నీళ్లు మరిగే స్థాయిని దాటేలా చేశాడు. లోపలికొచ్చిన వేడిని గాజు తేలిగ్గా బయటికి పోనివ్వదని అలా తేలింది. కానీ అది మూసిన పెట్టె. అందులో తడి పంచె వేస్తే ఆరదు, ఉడుకుతుంది.

గాలి సంగతి వేరేచోట మొదలైంది. 1800 ప్రాంతంలో ఫ్రాన్సులో పోషోన్ అనే ఆయన చిల్లుల డ్రమ్ములో బట్టలు వేసి నిప్పు మీద చేత్తో తిప్పే యంత్రం చేశాడు. బట్టలు ఆరేవి, పొగ కంపు కొట్టేవి, ఒక్కోసారి మసి కూడా అంటేది. 1892లో అమెరికాలో జార్జ్ సాంప్సన్ పొయ్యి వేడితో బట్టలారే చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. సోస్యూర్ గాజూ పోషోన్ చిల్లులూ ఒకచోట కలిస్తేనే ఎండపెట్టె.

మన దేశంలో ఆ కలయిక బట్టల కంటే తిండికే ఎక్కువ పనికొచ్చింది. హైదరాబాదులోని సీడ్ సంస్థ సోలార్ పలకతో ఫ్యాను తిరిగే డ్రయ్యర్లు చేసి పండ్లు, కూరగాయలు ఎండబెట్టించింది. ముంబై రసాయన సాంకేతిక సంస్థ విద్యార్థులు రూపొందించిన సోలార్ కండక్షన్ డ్రయ్యర్‌కు 2013లో డెల్ సామాజిక ఆవిష్కరణల పోటీలో మొదటి బహుమతి వచ్చింది. విద్యార్థుల ప్రాజెక్టు కదా అని తీసిపారేసేవాళ్లకు ఇదొక్కటి చాలు.

ఇక మన తీరానికి లెక్క వేద్దాం. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిని 45 డిగ్రీలకు వేడి చేస్తే తేమ శాతం 35 దగ్గరకు దిగుతుంది. నీటి ఆవిరి అంతే ఉంటుంది, ఇంకా పట్టుకునే చోటు పెరుగుతుంది. లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.67 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) వేడి కావాలి. చదరపు మీటరు మీద మంచి ఎండ రోజున 5 యూనిట్ల చొప్పున పడుతుంది. సగానికి పైగా వృథా పోయినా రెండు మూడు లీటర్ల నీరు లాగొచ్చు. ఆ ఆవిరంతా బయటికి పోవాలి కాబట్టి, పెట్టెలో ఎండను పీల్చే నల్ల రేకు ఎంత వేడెక్కిందని మురిసిపోయేకంటే, కింద గాలి లోపలికొచ్చే సందు, పైన తడిగాలి పోయే గొట్టం సరిగా కొలిచి పెట్టుకోవడం మేలు. రంగు వెలిసే బట్టల మీద నేరుగా ఎండ పడకుండా ఆ రేకును అడ్డంగా ఉంచాలి. ఉప్పుగాలికి మామూలు మేకులు తుప్పుపట్టి చీరకు మరకలు అంటిస్తాయి, స్టెయిన్‌లెస్ వాడాలి. సముద్రపు నీటిలో తడిసిన బట్టను ముందు మంచినీళ్లలో జాడించకపోతే, అందులో మిగిలిన ఉప్పు గాలిలోని చెమ్మను మళ్లీ పీలుస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే బట్టలు ఆరక అందరూ అవస్థ పడే రోజుల్లోనే, మబ్బు పట్టి పెట్టె మొరాయిస్తుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తన చేపల డ్రయ్యర్లకు గ్యాసు, కరెంటు తోడు చేసింది. అమ్ముకునే చేపకు ఆ ఖర్చు గిట్టుతుంది. లుంగీకి గిట్టదు. తుపాను వారంలో పెట్టెలో ఒక ఫ్యాను పెట్టి, దాన్నొక్కదాన్నీ ఇంటి కరెంటుకు తగిలించుకుంటే కొంత నయం.