పెళ్లాడిన, పెళ్లాడని

ప్రేమించుకున్న ఇద్దరికి పెద్దలు అడ్డుపడటం, ఆఖరికి అందరి పెళ్లిళ్లూ జరిగిపోవడం హాస్య సంగీత నాటకాలకి అరిగిపోయిన కథే. అడ్డుపడేది ఎవరు, ఏ అధికారంతో అని అడిగితే మాత్రం అది చరిత్ర అవుతుంది. 1882 నవంబరు 25న లండన్ సవాయ్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన 'అయొలాంథీ'ని నేను అలాగే చదువుతాను. రచన డబ్ల్యు.ఎస్. గిల్బర్ట్‌ది, సంగీతం ఆర్థర్ సలివన్‌ది.

ఫిలిస్‌కి 19 ఏళ్లు. కోర్టు సంరక్షణలో ఉన్న పిల్ల. సంరక్షకుడు లార్డ్ చాన్సలర్, అంటే దేశంలోకెల్లా పెద్ద న్యాయాధికారి. ఆమె గొర్రెలకాపరి స్ట్రెఫాన్‌ని ప్రేమించింది. ఆమెని ప్రభువుల సభ మొత్తం కోరుకుంటోంది, చాన్సలర్‌తో సహా. ఆయన ఆమెని చేసుకోవాలంటే అనుమతి ఇవ్వాల్సింది ఎవరు? ఆయనే. గిల్బర్ట్ దీనిమీద కడుపుబ్బ నవ్విస్తాడు కానీ, ఆ చట్టం కల్పన కాదు. అప్పటి ఇంగ్లండ్‌లో 21 ఏళ్లు నిండని కోర్టు సంరక్షితని అనుమతి లేకుండా పెళ్లాడితే అది కోర్టు ధిక్కారం.

స్ట్రెఫాన్ నడుం దాకా దేవత, కాళ్లు మనిషివి. తల్లి అయొలాంథీ దేవకన్య. మానవుణ్ణి పెళ్లాడిన నేరానికి ఆమెకి మరణశిక్ష పడాలి. రాణి దయతలచి బహిష్కారంతో సరిపెట్టింది. 25 ఏళ్లు ఏటి అడుగున గడిపిన ఆ తల్లికి వయసు మీదపడలేదు. 17 ఏళ్ల పిల్లలా కనిపించే ఆమెని స్ట్రెఫాన్ కౌగిలించుకోవడం చూసి ఫిలిస్ అపార్థం చేసుకుంటుంది. ఆ కోపంలో ఇద్దరు ప్రభువుల్లో ఎవరైనా సరేనంటుంది.

అపార్థం తొలగినా చాన్సలర్ తొలగడు. అప్పుడు కొడుకు కోసం అయొలాంథీ నోరు విప్పుతుంది. చనిపోయిందని ఆయన నమ్ముతున్న భార్య తనేనని చెబుతుంది. అలా చెప్పడానికి శిక్ష చావే. రాణి ఈటె ఎత్తుతుంది. తక్కిన దేవకన్యలు ముందుకొచ్చి, తామంతా ప్రభువుల్ని పెళ్లాడేశామంటారు. అందర్నీ చంపడమెలా? చాన్సలర్ లాయరు బుర్ర పనిచేస్తుంది. చట్టంలో ఒక్క మాట చేరిస్తే చాలంటాడు. ఇంగ్లీషులో మాట చేర్చాల్సి వచ్చింది గానీ, మన తెలుగులో గుడి పక్కకి జరిపితే సరిపోతుంది: 'పెళ్లాడిన' వాళ్లు చావాలన్నది 'పెళ్లాడని' వాళ్లు చావాలని మారిపోతుంది!

పెళ్లాడితే చావు, పెళ్లాడకపోతే చావు. రెండు చట్టాల్లోనూ ఆడవాళ్ల ఇష్టానికి చోటు లేదు. చివరికి రాణి కూడా ప్రాణం దక్కించుకోవడానికి కాపలా సిపాయి విల్లిస్‌ని పెళ్లికి అడుగుతుంది. అతనిమీద ఆమెకి ముందే మనసుంది, నిజమే. కానీ అడిగించింది చావుభయం.

నాటకం బయట కూడా అదే సంవత్సరం ఒక చట్టం మారింది. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం 1882 ఆగస్టులో ఆమోదం పొంది, 1883 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తేదీ నుంచి పెళ్లి చేసుకున్న స్త్రీ ఆస్తి ఆమెదిగానే ఉంటుంది. దాన్ని చేసిన పార్లమెంటులో ఒక్క స్త్రీ లేదు. స్త్రీలకి ఓటు హక్కు 1918లో కొందరికి, పురుషులతో సమానంగా 1928లో దక్కింది. ప్రభువుల సభలో చోటు 1958లో గానీ దొరకలేదు. చాన్సలర్ పదవిలోకి ఒక స్త్రీ రావడానికి 2016 దాకా పట్టింది.

అయితే ఆ చట్టం కోసం బార్బరా లీ స్మిత్, ఆమె సహచరులు 1856లోనే వేల సంతకాలు సేకరించి పార్లమెంటుకి వినతిపత్రం పంపారు. ఆ సంతకాలకీ చట్టానికీ మధ్య 26 ఏళ్లు గడిచాయి. నాటకంలోనూ చట్టాన్ని సవరించిన ఘనత చాన్సలర్‌కే పోయింది. సవరించక తప్పని స్థితి తెచ్చింది మాత్రం చావుకి తెగించి మాట్లాడిన ఒక తల్లి, కలిసికట్టుగా నియమం మీరిన ఆమె తోటివాళ్లు. నవ్వు ఆగాక మనం వాళ్ల గురించి మాట్లాడుకోవాలి.