తొలి సంకెల: నేరస్త తెగల చట్టం నుంచి పిల్లల హోముల దాకా

పిల్లల హోముల్లో నిర్బంధం అనగానే అధికారులకు, మేధావులకు గుర్తొచ్చేవి బేడీలు, బెత్తం, తాళం వేసిన గది. వీటిని నిషేధిస్తూ నియమాలు రాసేస్తే పని అయిపోయిందనుకుంటారు. కానీ ఈ దేశంలో పిల్లల్ని కట్టడి చేసే సంస్థల చరిత్రలో బెత్తం కన్నా ముందు వచ్చింది కులం. ఎవరి పిల్లల్ని లోపల పెట్టాలో ముందు తేల్చుకున్నారు. లోపల పెట్టాక ఏం చెయ్యాలన్నది ఆ తర్వాతి సంగతి. ఈ వరస తెలియకపోతే ఇవాళ్టి నియమాలు ఎవర్ని కాపాడుతున్నాయో, ఎవర్ని గాలికొదిలేస్తున్నాయో మనకు అర్థం కాదు.

పుట్టుకే నేరం

1871లో నేరస్త తెగల చట్టం తెచ్చినప్పుడు తెల్లదొరలు చెప్పిన వాదన చాలా సులువైంది. ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి నడుస్తాయి, వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగవుతాడు. ఈ వాదన కోసం వాళ్ళు ఇంగ్లండు దాకా పోనక్కర్లేదు. వర్ణధర్మం ఎప్పటినుంచో చెబుతున్నదే అది. దొరలు దాన్ని సెక్షన్లుగా మార్చారు. అంబేద్కర్ 1948లో అంటరానివాళ్ళ గురించి రాసిన పుస్తకం ముందుమాటలో నేరస్త తెగల్ని, ఆదివాసుల్ని, అంటరానివాళ్ళని ఒకేచోట పెట్టి, ఈ మూడు వర్గాల్నీ పుట్టించిన నాగరికతని నిలదీశాడు. ఎరుకలోళ్ళ చరిత్ర దళిత చరిత్రకు బయటిది కాదని చెప్పడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

దొంగతనం రక్తంలోనే ఉందని నమ్మితే దాన్ని ఆపే దారి ఒక్కటే కనిపిస్తుంది: బిడ్డను తల్లి దగ్గర్నుంచి తీసెయ్యడం. 1897 సవరణ నాలుగేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు మగపిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా పెట్టే సెటిల్‌మెంట్లకు దారి తీసింది. మద్రాసు రాజధానికి ఈ పద్ధతిని తెచ్చిన 1911 చట్టం ఇంకో అడుగు ముందుకేసింది. దాని 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఆరేళ్ళు దాటిన, పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ బడుల్లో వెయ్యొచ్చు. అంతటితో ఆగలేదు. 1897 నాటి సంస్కరణ బడుల చట్టంలోని కొన్ని సెక్షన్లు ఈ పిల్లలకూ వర్తిస్తాయని, ఆ మేరకు వీళ్ళని బాల నేరస్తులుగానే చూడాలని రాసింది.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఆ పిల్లోడు ఏమీ దొంగిలించలేదు. వాడి మీద కేసు లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. ఫలానా తెగలో పుట్టాడు, అంతే. అయినా చట్టం కళ్ళకు వాడు నేరస్తుడు. వాడి చేతికి బేడీ పడకముందే తొలి సంకెల పడింది. ఆ సంకెల పేరు తల్లి నుంచి ఎడబాటు.

మన తెలుగు నేల మీద ఈ చట్టం కింద సెటిల్‌మెంట్లు వెలిశాయి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది, కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. పెద్దలకు హాజరు పట్టీ, పాసు లేకుండా పొలిమేర దాటితే శిక్ష. అక్కడ బడులున్నాయి, చదువుకుని పైకొచ్చిన తరాలున్నాయి, కాదనం. కానీ చదువు హక్కుగా రాలేదు. కాపలా మధ్య, నేరాన్ని కడిగే మందుగా వచ్చింది.

బెత్తానికి బడి పేరు

గోడల లోపల ఏం చెయ్యొచ్చో 1894 జైళ్ళ చట్టం విడమర్చి చెప్పింది. సంకెళ్ళు వెయ్యొచ్చు. మిగతా ఖైదీలతో మాట కలవనీయకుండా మూడు నెలల దాకా వేరుగా ఉంచొచ్చు. కొరడా దెబ్బలు ముప్పై దాకా కొట్టొచ్చు. పదహారేళ్ళ లోపు ఖైదీల విషయంలో ఒక్క సడలింపు ఇచ్చింది: ఇంకా పల్చటి బెత్తంతో, బడి క్రమశిక్షణ పద్ధతిలో కొట్టాలి. జైల్లో కొట్టేదానికి బడి పేరు పెట్టారు, తల్లి దగ్గర్నుంచి లాక్కెళ్ళి పడేసిన చోటుకీ బడి పేరే పెట్టారు. హింసను చదువుగా, బందీఖానాను సంస్కరణగా పిలవడం అప్పట్నుంచి అలవాటైంది.

మద్రాసులో ఈ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. వెనకే అలవాటు నేరస్తుల చట్టాలొచ్చాయి. పేరు మారింది, చూపు మారలేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలోని కుల వివక్ష నిబంధనల్ని కొట్టేస్తూ, డీనోటిఫైడ్ తెగల మీద పాత ముద్ర వాటిలో ఇంకా బతికే ఉందని చెప్పాల్సి వచ్చింది. అంటే రద్దయిన డెబ్బై రెండేళ్ళకు.

ఇప్పటి నియమాలు

2015 జువెనైల్ జస్టిస్ చట్టం పాతదానికి పూర్తిగా ఎదురు నిలబడి మాట్లాడుతుంది. పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గమంటుంది. క్రమశిక్షణ కోసమో సంస్కరించడం కోసమో ఒంటికి నొప్పి కలిగించినా అది శారీరక శిక్షే అంటుంది. 'సంస్కరణ' అనే ముసుగు చట్టంలోనే తొలిగింది, ఇది చిన్న గెలుపు కాదు. పోలీసులు పిల్లలకు బేడీలు, గొలుసులు వెయ్యకూడదని 2016 నమూనా నియమాలు చెబుతాయి.

కానీ హోం సిబ్బంది పిల్లోణ్ణి కొట్టినట్టు మొదటిసారి రుజువైతే పదివేల రూపాయల జరిమానా. రెండోసారైతేనే మూడు నెలల దాకా జైలు. పైగా ఆ నిర్వచనం నొప్పి చుట్టూ తిరుగుతుంది. గదిలో పెట్టి తాళం వేస్తే ఒంటి మీద వాత తేలదు. 'అమ్మొచ్చినా చూడనివ్వను' అంటే డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వలేడు. రుజువు ఎక్కణ్ణుంచి తెస్తాం?

ఈ విషయంలో 1990లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నియమాలు మనకు బాగా పనికొస్తాయి. అవి చీకటి కొట్టును, ఏకాంత నిర్బంధాన్ని నిషేధించిన చోటే, తిండి తగ్గించడాన్ని, ఇంటివాళ్ళని కలవనీయకపోవడాన్ని కూడా ఏ కారణం మీదైనా సరే నిషేధించాలన్నాయి. కట్టివెయ్యడం తప్పని పరిస్థితి వస్తే అది చట్టం ఒప్పుకున్నదై ఉండాలి, మిగతా దారులన్నీ అయిపోయాకే జరగాలి, అతి తక్కువ సేపే ఉండాలి, డైరెక్టరు వెంటనే వైద్య సిబ్బందిని సంప్రదించి పైఅధికారికి నివేదించాలి. తల్లి ఎడబాటును చీకటి కొట్టు పక్కనే పెట్టి చూసిన నియమం ఇది. ఎరుకల తల్లులకు ఈ సంగతి వందేళ్ళ కిందటే తెలుసు.

కాబట్టి హోముల తనిఖీకి పోయే మన కార్యకర్తలు, టీచర్లు గోడల సున్నం, అన్నం రుచి చూసి తిరిగి రావద్దు. పిల్లల్ని వేరుగా పెట్టిన ప్రతిసారీ ఎవరి ఉత్తర్వుతో, ఎంతసేపు, ఎందుకు పెట్టారో రాసిన రిజిస్టరు అడగండి. ఇంటివాళ్ళని ఆఖరిసారి ఎప్పుడు కలిశారో అడగండి, కలవనీయకపోతే దాన్ని శిక్షగానే లెక్కకట్టండి. పేర్లు బయటపెట్టకుండా, లోపల ఉన్న పిల్లలు ఏయే కులాల, ఏయే తెగల వాళ్ళో లెక్క ప్రకటించమని ప్రభుత్వాన్ని నిలదీయండి. నేరస్త తెగల చట్టం కులం చూసే పిల్లల్ని లోపలికి నెట్టింది. ఇప్పుడు కులం లెక్క అడిగితే, పిల్లలందరూ సమానమే కదా అని మనకు పాఠం చెబుతారు. అంత సమానమే అయితే ఆ లెక్క బయటపెట్టడానికి భయమెందుకు?