క్రీడాకారుల్లో మత్తు వాడకం: చరిత్ర

ఆటలో గెలవడానికి కాక సరదాకో, స్నేహితుల మాట కాదనలేకో, ఒత్తిడి మరిచిపోవడానికో క్రీడాకారులు గంజాయి, కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీ వంటి మత్తు పదార్థాలను వాడడం ఈ వ్యాసంలోని విషయం. స్టెరాయిడ్ వేసుకుని బరిలో దిగినవాడు తోటి ఆటగాణ్ణి మోసం చేస్తున్నాడు. పార్టీలో గంజాయి దమ్ము లాగినవాడు ముందుగా పాడుచేసుకునేది తన ఒంటినే. ఇద్దరికీ ఒకే శిక్ష వేయడం న్యాయం కాదన్న ఆలోచన ప్రపంచ క్రీడా నిబంధనల్లోకి ఎక్కింది 2021లోనే. అంతకుముందు ఈ తేడాను గుర్తించకపోవడం వల్ల కొందరి క్రీడా జీవితాలు అర్ధాంతరంగా ముగిశాయి.

కృష్ణా జిల్లా, గంజాయి, పహిల్వాన్లు

19వ శతాబ్దం చివర మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి పండించిన ప్రాంతాల్లో అప్పటి కృష్ణా జిల్లా ఒకటి. సాగు జరిగిన బాపట్ల తాలూకా, మెట్ట ప్రాంతమైన నందిగామ తాలూకా అప్పుడు ఒకే జిల్లాలో ఉండేవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడ్డాక బాపట్ల అటు వెళ్లింది. గంజాయి వాడకంపై విచారించడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1893లో ఏడుగురితో ఒక కమిషన్ వేసింది. వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి అది 1894లో నివేదిక ఇచ్చింది. విపరీతమైన శారీరక శ్రమ చేసేటప్పుడు భంగు, గంజాయి వాడేవారిలో పల్లకీ బోయీలు, మూటలు మోసే కూలీలు, టపా మోసే రన్నర్లతో పాటు కుస్తీ పహిల్వాన్లను, కసరత్తు చేసేవారిని కూడా ఆ నివేదిక పేర్కొంది. అలుపు తీర్చుకునే సాధనంగానే దాన్ని చూశారు తప్ప ఆటలో దొంగదెబ్బగా ఎవరూ చూడలేదు.

మత్తు పదార్థాలపై 1961 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంతో లోకం దృష్టి మారింది. దానికి అనుగుణంగా భారతదేశం 1985లో ఎన్‌డీపీఎస్ చట్టం చేసింది. గంజాయి పూత, కొకైన్, హెరాయిన్ నేరమయ్యాయి. భంగు ఆకు మాత్రం ఈ చట్టం పరిధిలోకి రాలేదు.

మైదానంలో మొదటి కేసులు

ఒలింపిక్స్‌లో డోపింగ్ కింద అనర్హత వేటు పడిన మొదటి క్రీడాకారుడు స్వీడన్‌కు చెందిన హాన్స్-గున్నార్ లిల్యెన్‌వాల్. 1968 మెక్సికో క్రీడల్లో ఆయనను పట్టించింది మద్యం. 1986లో రెండు ఘటనలు జరిగాయి. ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ ఇయాన్ బోథమ్ గంజాయి తాగినట్టు ఒప్పుకొని 63 రోజుల నిషేధానికి గురయ్యాడు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆశాకిరణం లెన్ బయాస్‌ను బోస్టన్ సెల్టిక్స్ జట్టు ఎంపిక చేసుకున్న రెండు రోజులకే అతను కొకైన్ మోతాదు మించి చనిపోయాడు. వయసు 22. ఈ చరిత్రను నిషేధాల జాబితాగా మాత్రమే రాసేవారు ఆ మరణాన్ని మరిచిపోకూడదు.

1998 నగానో శీతాకాల ఒలింపిక్స్‌లో స్నోబోర్డింగ్ స్వర్ణం గెలిచిన కెనడా క్రీడాకారుడు రాస్ రెబగ్లియాటి మూత్రంలో గంజాయి ఆనవాళ్లు దొరికాయి. పతకం తీసేసుకున్నారు. గంజాయి విషయంలో ఆ క్రీడా సమాఖ్యకూ ఒలింపిక్ సంఘానికీ మధ్య ఒప్పందమే లేదని తేలడంతో తిరిగి ఇచ్చారు. మరుసటి ఏడాది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా పుట్టింది. 2004 నుంచి పోటీ సమయంలో గంజాయి అన్ని క్రీడల్లోనూ నిషిద్ధమైంది.

హైదరాబాద్ ఎరిగిన ముగ్గురు

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ముగ్గురు క్రీడాకారుల కథలు పక్కపక్కన పెడితే నిబంధనలు ఎంత మారాయో తెలుస్తుంది. సానియా మీర్జాతో కలిసి 2015లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ డబుల్స్ గెలిచిన మార్టినా హింగిస్ 2007 వింబుల్డన్‌లో కొకైన్ పరీక్షలో పట్టుబడింది. తాను ఎన్నడూ వాడలేదని చెప్పి ఆమె ఆట మానేసింది, ఆ తర్వాత రెండేళ్ల నిషేధం పడింది. సానియా పక్కన మనం చూసిన హింగిస్ ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు తిరిగి వచ్చిన హింగిస్.

2009 ఐపీఎల్ ఫైనల్లో 53 పరుగులతో నాటౌట్‌గా నిలిచి దక్కన్ చార్జర్స్‌కు కప్పు అందించడంలో ముందున్న హెర్షెల్ గిబ్స్, 2001లో వెస్టిండీస్ పర్యటనలో దక్షిణాఫ్రికా సహచరులతో కలిసి గంజాయి తాగినందుకు జరిమానా కట్టాడు. ఆటకు దూరం కాలేదు. 2018లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన అలెక్స్ హేల్స్ 2019లో రెండోసారి మత్తు పరీక్షలో దొరికాడు. ఇంగ్లండ్ బోర్డు వేసిన నిషేధం 21 రోజులే అయినా సొంతగడ్డపై ప్రపంచకప్ ఆడే అవకాశం పోయింది. మూడేళ్లు జట్టు బయట ఉండి వచ్చి, 2022 టీ20 ప్రపంచకప్ సెమీస్‌లో భారత్‌పై 86 పరుగులతో అజేయంగా నిలిచాడు.

2021 నాటి వాడా నియమావళి కొకైన్, హెరాయిన్, ఎక్‌స్టసీ, గంజాయిలను విడిగా చూసింది. పోటీ లేని సమయంలో, ఆటతో సంబంధం లేకుండా వాడానని క్రీడాకారుడు రుజువు చేసుకుంటే నిషేధం మూడు నెలలు. చికిత్స కార్యక్రమం పూర్తిచేస్తే నెల. హింగిస్‌కు రెండేళ్లు తెచ్చిన కొకైన్‌కే న్యూజిలాండ్ క్రికెటర్ డగ్ బ్రేస్‌వెల్‌కు 2024లో పడింది నెల రోజులు. 2025లో ఇలాంటి కేసులోనే ఐపీఎల్ మధ్యలో ఇంటికి వెళ్లిన కగిసో రబాడా నెల నిషేధం ముగించుకుని తిరిగొచ్చి, జూన్‌లో లార్డ్స్‌లో జరిగిన టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్లో తొమ్మిది వికెట్లు తీశాడు. శిక్ష చిన్నదైనంత మాత్రాన ఆట పలచబడలేదు.

జింబాబ్వే కెప్టెన్‌గా చేసిన బ్రెండన్ టేలర్ కథ వేరు. 2019లో భారత్‌కు పిలిచిన ఒక వ్యాపారి కొకైన్ ఇచ్చి, దాన్ని వీడియో తీసి, స్పాట్ ఫిక్సింగ్ చేయమని బెదిరించాడని ఆయనే 2022లో చెప్పాడు. కొకైన్‌కు నెల, ఫిక్సర్ల సంగతి సకాలంలో చెప్పనందుకు మూడున్నరేళ్లు శిక్ష పడింది. మత్తులో ఉన్న ఆటగాడు ఎవరి గుప్పిట్లోకి వెళ్తాడన్నది బోర్డులు ఎక్కువ భయపడవలసిన విషయం.

భారతదేశంలో

2012 మేలో ముంబయి జుహూలో ఒక పార్టీపై పోలీసులు దాడి చేశారు. అక్కడున్న ఐపీఎల్ ఆటగాళ్లు రాహుల్ శర్మ, వేన్ పార్నెల్ నమూనాల్లో మత్తు ఆనవాళ్లు ఉన్నాయని తర్వాత ప్రకటించారు. తాము వాడలేదని వారన్నారు. మరుసటి ఏడాది పంజాబ్ హెరాయిన్ కేసులో బాక్సర్ విజేందర్ సింగ్ పేరు వచ్చింది. పోటీలు లేనప్పుడు హెరాయిన్ పరీక్ష వాడా నిబంధనల్లో లేకపోయినా కేంద్ర క్రీడాశాఖ ఆదేశంతో జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరీక్ష చేసింది. ఏమీ దొరకలేదు. అర్జున అవార్డు పొందిన పహిల్వాన్ జగదీశ్ భోలా అదే ఏడాది మాదకద్రవ్యాల తయారీ ముఠా కేసులో అరెస్టయ్యాడు. బీసీసీఐ 2019 ఆగస్టులో నాడా పరిధిలోకి రావడానికి ఒప్పుకొంది. 2022లో పార్లమెంటు డోపింగ్ నిరోధక చట్టం చేసింది.

65వ నంబరు రహదారి

ఒకప్పటి కృష్ణా జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. విశాఖ మన్యం నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి దిగే గంజాయి విజయవాడ చేరి, కీసర, నందిగామ, చిల్లకల్లు దాటి హైదరాబాద్ వైపు వెళ్లే మార్గాల్లో 65వ నంబరు జాతీయ రహదారి ముఖ్యమైనది. తెలంగాణ సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు ఈ కారణంగానే తరచు వార్తల్లో ఉంటుంది. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలను పోలీసులు ధ్వంసం చేశారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాదకద్రవ్యాల నిరోధానికి ఈగల్ విభాగాన్ని ఏర్పాటు చేసింది.

ఇదే రోడ్డు మీద, నందిగామ నుంచి వెళ్తే విజయవాడకు ఇవతల, మూలపాడులో ఆంధ్రా క్రికెట్ సంఘం మైదానం ఉంది. 2016లో భారత్, వెస్టిండీస్ మహిళల వన్డేలు అక్కడ జరిగాయి. మెట్ట పల్లెల్లో సంక్రాంతికి కబడ్డీ, వాలీబాల్ ఆడే కుర్రాడు పైకి రావాలంటే ఈ దారినే పోవాలి. సరుకూ ఈ దారినే పోతోంది.

ఆ కుర్రాడికి చెప్పాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి. క్రీడా నిబంధనల్లో పోటీ సమయం మ్యాచ్ ముందురోజు రాత్రి 11:59కి మొదలవుతుంది. కొకైన్ ఆనవాళ్లు మూత్రంలో కొద్ది రోజులే ఉంటాయి కానీ గంజాయి కొవ్వులో చేరి, రోజూ తాగేవారిలో వారాల తరబడి బయటపడుతూనే ఉంటుంది. అందుకే వాడా 2013లో గంజాయి పరిమితిని మిల్లీలీటరుకు 15 నానోగ్రాముల నుంచి 150కి పెంచింది. నియమావళి దయ చూపినంత మాత్రాన దేశ చట్టం చూపదు. కిలోలోపు గంజాయి దగ్గర ఉన్నా ఏడాది వరకు జైలు పడవచ్చు. 20 కిలోలు దాటితే శిక్ష పదేళ్లకు తగ్గదు. అయితే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకానికో కొద్దిపాటి సరుకుకో కేసులో చిక్కిన వ్యసనపరుడు తనంతట తానే ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తిచేస్తే విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. చికిత్స సలహాకు జాతీయ నంబరు 14446, ఈగల్‌కు సమాచారం ఇవ్వడానికి 1972.