సుబ్బారావుగారికి ఏం కావాలి?

అమెరికా వచ్చిన ప్రతి తెలుగువాడూ ఎప్పుడో ఒకప్పుడు తనని తాను అడిగి తీరే ప్రశ్న ఒకటుంది: "నాకసలు కావలసిందేమిటి?" జవాబు తోచక "ఇంకో రెండేళ్ళు చూద్దాం" అని వాయిదా వేస్తాం. ఈ ప్రశ్న తలెత్తినప్పుడల్లా నాకు యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తారు. సభల్లో మనవాళ్ళు ఆయన కనిపెట్టిన మందుల గురించి చెబుతారు. నాకు మాత్రం, తనకేం కావాలో తేల్చుకోవడానికి ఆయనకు పట్టిన కాలమే ఎక్కువ ఆసక్తి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. కాశీలో యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని చిన్నప్పుడే ఇంట్లోంచి బయల్దేరారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. తర్వాత రామకృష్ణ మఠంలో చేరాలనుకుంటే తల్లి ఒప్పుకోలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక ఆంగ్లేయ ప్రొఫెసరుకి కంటగింపైంది. చివరికి ఎం.బి.బి.ఎస్.కి బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్.తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆపైన ఆయుర్వేద కళాశాలలో పాఠాలు. వ్యాపారం, సన్యాసం, వైద్యం, ఆయుర్వేదం... ముప్ఫై నిండకముందే ఇన్ని దారులు! మన ఇళ్ళల్లో అయితే "వీడికి నిలకడ లేదు" అని తేల్చేసేవారు.

ఈ దారుల మధ్యలో ఒక పెద్ద దుఃఖం ఉంది. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దర్నీ తీసుకుపోయింది.

1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగారు. భారతీయులు ఈ దేశ పౌరులు కావడానికి వీల్లేదని అమెరికా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది ఆ ఏడాదే. పొట్ట గడవడానికి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా రోగుల మలమూత్రాలు ఎత్తారు. హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి, శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టి 1925లో ప్రచురించారు. కండరాలకి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో తెలిపే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద పనిచేశారు. అంత చేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనశాలకి వెళ్ళిపోయారు. హార్వర్డు వదిలి కంపెనీకి పోవడం కొందరికి మెట్టు దిగడంలా కనిపించవచ్చు. నాకలా అనిపించదు. కాశీ, మఠం, డిగ్రీ, పదవి ఒక్కొక్కటే చేజారగా, చివరికి చేతిలో మిగిలింది జబ్బుకి మందు వెతకడం. ఆయనకి కావలసింది అదేనని నేననుకుంటాను. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూ రోగులకి అది పనికొచ్చింది, సోదరులు పోయిన పాతికేళ్ళకి. అదే బృందం ఇచ్చిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి కొంతకాలమైనా ఉపశమనం కలిగించారు. బోదకాలుకి హెట్రజాన్ కూడా అక్కణ్ణుంచే వచ్చింది. గోదావరి జిల్లాలవాళ్ళకి బోదకాలంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఊళ్ళల్లో ప్రభుత్వం పంచిన డీఈసీ మాత్రలు ఆ మందే.

1946లో చట్టం మారి, మనవాళ్ళకి పౌరసత్వం తీసుకునే వీలు కలిగింది. ఆయన అమెరికా పౌరుడు కాలేదు, ఇండియాకీ తిరిగి వెళ్ళలేదు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో కన్నుమూశారు.

కథ ఇక్కడ ఆపితే బాగానే ఉంటుంది. కానీ ఆయన భార్య శేషగిరిగారు ఇండియాలోనే ఉండిపోయారు. ఇద్దరూ మళ్ళీ కలుసుకోలేదు. ఆయన తనకి కావలసింది కనుక్కున్నందుకు అయిన ఖర్చులో సగం, ఆ పాతికేళ్ళూ ఆవిడే భరించారు.

తనకేం కావాలో తెలుసుకోవడం గొప్పే. తెలిశాక, మన కోసం ఎదురుచూసే వాళ్ళకి ఆ మాట చెప్పడం ఇంకా కష్టం. "ఎప్పుడొస్తావురా?" అని ఫోనులో అమ్మ అడిగినప్పుడు, "ఇంకో రెండేళ్ళు" అనే ముందు అది నిజమో కాదో ఒక్క క్షణం ఆలోచిస్తే బాగుండును.