పాదాల డాక్టరు ఎలా తయారవుతారు? పోడియాట్రీ విద్యార్థుల క్లినికల్ శిక్షణ

పోడియాట్రీ అంటే పాదం, చీలమండల వైద్యం. షుగర్ ఉన్న పెద్దమనిషికి అరికాలిలో పుండు పడితే మన ఊళ్లలో మొదట ఆర్‌ఎంపీ చూస్తాడు, తర్వాత షుగర్ డాక్టరు, బాగా ముదిరాక జనరల్ సర్జన్. ఈ తిరుగుడులోనే కొందరికి వేలు పోతుంది, కొందరికి కాలే పోతుంది. అమెరికా, బ్రిటన్‌లలో ఈ పని కోసమే చదివిన వాళ్లు వేరుగా ఉన్నారు. అయినా అక్కడ పెరిగిన పిల్లలెవరైనా "పోడియాట్రీ చదువుతా" అంటే "గోళ్లు తీసే పనా బేటా?" అనే అబ్బాజాన్‌లు లేకపోలేదు. గోళ్లు తీయడం అందులో ఉన్న మాట నిజమే. కానీ చివరి సంవత్సరాల శిక్షణ చూస్తే అసలు పని తెలుస్తుంది.

అమెరికాలో డిగ్రీ తర్వాత నాలుగేళ్లు చదివితే డీపీఎం పట్టా వస్తుంది. అది ఎండీ కాదు, వేరే డిగ్రీ. మొదటి రెండేళ్లు అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ ఉంటాయి. ఆ తర్వాత ఏపీఎంఎల్‌ఈ అనే జాతీయ పరీక్ష మొదటి భాగం రాయాలి. మూడో ఏడాది నుంచి విద్యార్థి పేషెంట్ల మధ్యకు వస్తాడు.

అక్కడ మొదట పట్టుబడాల్సింది ఖరీదైన మిషన్ ఏమీ కాదు, ఒక నైలాన్ పోగు. దాన్ని అరికాలికి ఆనించి నొక్కితే 10 గ్రాముల ఒత్తిడి దగ్గర వంగుతుంది. ఆ మాత్రం తాకిడి తెలియలేదంటే పాదానికి తనను తాను కాపాడుకునే స్పర్శ పోయినట్టే. చూడటానికి సులువే, కానీ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. పేషెంటు కళ్లు మూసుకుని ఉండాలి. కాయ కాచిన చోట పోగు పెట్టకూడదు. "ఇప్పుడు తెలుస్తోందా?" అని అడగనూ కూడదు, అలా అడిగితే చాలామంది మొహమాటానికి అవునంటారు. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తో కంపనం తెలుస్తోందో లేదో కూడా చూస్తారు.

తర్వాత రక్త ప్రసరణ. చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కంటే తక్కువ వచ్చిందా, కాలి రక్తనాళాల్లో అడ్డంకి ఉందని అనుమానించాలి. అయితే షుగర్ పాతబడిన వాళ్లలో రక్తనాళాలకు సున్నం పట్టి గట్టిపడతాయి. అప్పుడు లోపల అడ్డంకి ఉన్నా అంకె బాగానే కనిపిస్తుంది. "రిపోర్టు నార్మల్" అని ఇంటికి పంపిన కాలు నెల తిరక్కుండా నల్లబడొచ్చు. అందుకే అలాంటి వాళ్లకు కాలి బొటనవేలి దగ్గర కూడా ఒత్తిడి కొలవాలని నేర్పిస్తారు.

ఇంకా మోసం చేసే జబ్బు చార్కో పాదం. ఒక కాలు ఎర్రబడి, వాచి, వేడిగా ఉంటుంది, నొప్పి మాత్రం పెద్దగా ఉండదు. మొదట్లో ఎక్స్‌రే కూడా బాగానే ఉండొచ్చు. దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ రాసి నడవనిస్తే లోపల ఎముకలు విరిగి, పాదం ఆకారమే మారిపోతుంది. రెండు పాదాల వేడిని కొలిచి పోల్చడం, అనుమానం వస్తే వెంటనే కట్టు వేసి కాలి మీద బరువు పడకుండా చేయడం విద్యార్థికి అలవాటు కావాలి.

చేతిపని కూడా చాలానే ఉంది. బ్లేడుతో ఆనెకాయలు చెక్కడం, పుండులోని చచ్చిన కండ తీయడం, వేలికి మత్తిచ్చి లోపలికి గుచ్చుకున్న గోరు తీసి అది మళ్లీ పెరగకుండా ఫినాల్ పెట్టడం, నడక చూసి చెప్పుల్లో ఏ సోలు కావాలో చెప్పడం అన్నీ నేర్చుకోవాలి. అంతకంటే ముందు అడగడం రావాలి. ఎక్కడెక్కడ చెప్పుల్లేకుండా నడుస్తారు? వుజూ తర్వాత వేళ్ల సందులు ఆరబెడతారా? ఉమ్రాకు వెళ్లే ఆలోచన ఉందా? స్పర్శ పోయిన పాదం ఎండకు కాలిన నేల మీద బొబ్బలెక్కినా మనిషికి తెలియదు మరి.

నాలుగో ఏడాది వేర్వేరు ఆసుపత్రుల్లో, సాధారణంగా నెలకొకటి చొప్పున, ఎక్స్‌టర్న్‌షిప్‌లు చేస్తారు. ఇవి పైకి శిక్షణలా కనిపించినా నిజానికి నెల రోజుల ఇంటర్వ్యూలు. తెల్లవారుజామున రౌండ్స్‌కు ఎవరు వచ్చారు, ఆపరేషన్ థియేటర్‌లో ఎలా నిలబడ్డారు, తెలియనప్పుడు తెలియదని చెప్పారా అనేవి అక్కడి డాక్టర్లు చూస్తూనే ఉంటారు. తర్వాత మ్యాచ్ పద్ధతిలో రెసిడెన్సీ సీట్లు ఖరారవుతాయి.

రెసిడెన్సీ మూడేళ్లు. పాదం ఆపరేషన్లతో పాటు జనరల్ మెడిసిన్, ఇన్‌ఫెక్షన్లు, మత్తు వైద్యం, ఎమర్జెన్సీ విభాగాల్లోనూ పని చేయాలి. చేసిన ప్రతి ఆపరేషన్‌నూ లాగ్‌లో రాయాలి, నిర్ణయించిన సంఖ్య పూర్తి కావాలి. మడమ, చీలమండ సరిచేసే పెద్ద సర్జరీలకు అదనపు అర్హత ఉంటుంది. చీలమండ ఎంతవరకు ముట్టుకోవచ్చన్నది ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. చాలా రాష్ట్రాల్లో రెసిడెన్సీ లేకుండా లైసెన్సు రాదు. అంటే నాలుగేళ్ల ఫీజు అప్పు చేసి కట్టి, సీటు దొరక్కపోతే చేతిలో పట్టా ఉన్నా ప్రాక్టీసు ఉండదు. కాలేజీని ఎంచుకునేటప్పుడు బిల్డింగులు కాదు, ఎంతమందికి రెసిడెన్సీ వచ్చింది, జాతీయ పరీక్షలో ఎంతమంది పాసయ్యారు అని అడగాలి.

ఇక్కడ ఎంబీబీఎస్ చేసిన వాళ్లు నేరుగా ఆ రెసిడెన్సీలో చేరలేరు. అక్కడి గుర్తింపు ఉన్న కాలేజీలో డీపీఎం చేసి ఉండాల్సిందే.

బ్రిటన్ దారి వేరు. ఇంటర్ స్థాయి తర్వాత సాధారణంగా మూడేళ్ల బీఎస్సీ ఆనర్స్, ఆపై హెచ్‌సీపీసీలో రిజిస్ట్రేషన్. అది లేకుండా పోడియాట్రిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం చట్టవిరుద్ధం. మందులు స్వతంత్రంగా రాయాలన్నా, సర్జరీ చేయాలన్నా పైన వేరే శిక్షణ పొందాలి.

భారత్‌లో డీపీఎం లాంటి డిగ్రీ లేదు. ఎంబీబీఎస్ తర్వాత సర్జరీ వైపు వెళ్లి, డయాబెటిక్ ఫుట్‌లో ఫెలోషిప్ చేసిన డాక్టర్లు ఈ పని చూస్తున్నారు. తెలుగు రాష్ట్రాల్లో కాలి పుండుతో వెళ్లేవాళ్లు పెద్ద ఆసుపత్రుల్లో "డయాబెటిక్ ఫుట్ క్లినిక్" ఉందా అని అడగాలి. వాస్కులర్ సర్జన్ కూడా అక్కడే ఉంటే ఇంకా మంచిది.